సున్నా రోజు

నక్క అనుకున్న్యాం ముందు.
చెనక్కాయ వామి పక్క నుంచి వచ్చి
కొట్టంలో దూరి, కరిచి,
ఎవురూ తరమకుండానే
తూలుకుంటా కణేకల్లు దావ పట్టి పాయ.
తెల్లారినంక తెలిసింది, కుక్క అని,
కురువోళ్ల పొట్టేలును గూడా పట్టిందని,
వంకలో నురగ కక్కి సచ్చి పడిందని.

మా గెంగికి ఎడమ ముందరికాలు మింద
నాలుగు పండ్లు దిగినాయి.
రగతం గూడా ఎక్కువ రాలేదు.
అంత సన్న బొక్కలోనుంచి
అంత పెద్ద సావు ఎట్ల దూరుతుందో!

హనుమక్క కారంపొడి తెచ్చింది.
వన్నూరప్ప కొడవలి కాల్చి వాత పెడదామన్న్యాడు.
పసరు పోసే ఆయప్ప ఉండాడు, దోలుకోని పోండి అన్న్యారు ఇంగొకరు.
నా పెద్దకొడుకు మాత్రం ఫోను చెవికానిచ్చుకోని
పశువుల డాక్టరమ్మ చెప్పేది చెప్పినట్టే అరిసినాడు:
"సబ్బు! నీళ్లు! పావుగంట!
కట్టు కట్టొద్దు, కారం పెట్టొద్దు!"

నీళ్లా.
కొళాయి వచ్చి నాలుగు దినాలాయ.
ఇంట్లో ఉండేవి రెండు బిందెలు, తాగే నీళ్లు.
నీళ్లను చూస్తే బెదిరే రోగమంట అది,
దాన్ని బెదిరించేకి మా కాడ ఉన్న్యవి ఆ నీళ్లే.
పావుగంట ఎంతో నాకేం తెలుసు,
సబ్బుబిళ్ల సగం అరిగేదాకా పోసి పోసి కడిగినా.
రెండో బిందె గూడా అయిపాయ.
మా అత్త ఏమీ అనలేదు. ఆ పొద్దు మజ్జిగ తాగి పండుకుంది.

డాక్టరమ్మ బండి మింద వచ్చింది,
ఐసుపెట్టె ముందర పెట్టుకోని.
మెడకు సూదేసి చీటీ రాసింది:
సున్నా, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది.
"దినం సున్నా ఎట్లయితుందమ్మా?" అనింది మా అత్త.
"లెక్క మొదలుపెట్టే దినం అవ్వా. ఇది తప్పితే మిగతావేవీ ఉండవు."
మా అత్త సున్నంలో వేలు ముంచి
గోడ మింద గుండ్రంగా ఒకటి గీసింది.

పోతాపోతా నా చేతులు చూసింది డాక్టరమ్మ.
చెనక్కాయ పెరికిన చేతులు, వేళ్లన్నీ పగుళ్లు.
"ఈ చేతుల్తోనేనా కడిగింది?"
మధ్యాన్నానికి బెళుగుప్ప ఆసుపత్రిలో
నేను గూడా భుజం చూపిస్తి.
గెంగికి ఐదు, నాకు నాలుగు.
"నీకంటే ఆవుకే ఒకటెక్కువ రాసినారే" అని మా ఆయన ఎగతాళి.
నవ్వు రాలేదు నాకు. నా కండ్ల ముందర తిప్పేస్వామి.

పోయినేడు ఆయప్ప ఎనుము మేత మానేసి చొల్లు కార్చింది.
గొంతులో కంకి ఇరుక్కుందని
మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికినాడు.
లోపల ఏమీ లేదు.
మూడు దినాలు బొంగురుగా అరిసి అరిసి అది పడిపాయ.
తిప్పేస్వామి సంగతి
మా ఊర్లో ఎవురూ గట్టిగా మాట్లాడరు.

చిన్నోడు పొదుగు కింద నోరు తెరిచి
ధార పట్టుకునే ఆట బందయింది.
పాలు ఒకరికీ పోయలేదు, మేమూ తాగలేదు.
పద్నాలుగో దినం డాక్టరమ్మకు అనంతపురంలో మీటింగు.
సోడా అంగట్లో ఐసు అడుక్కోని, పాలక్యానులో ఆ ఐసు నింపి
ఉరవకొండ నుంచి మందుబుడ్డి తెచ్చినాడు పెద్దోడు.
కాంపౌండరు రెండు గంటలు ఆలస్యం.
ఆ రెండు గంటలు ఐసు కరిగే చప్పుడు ఇంటా కూచున్న్యా.

ఇరవై ఎనిమిదీ దాటింది.
"ఇంగ బయం లేదా?" అంటే
"కొన్ని నెలలు కనిపెట్టుకోని ఉండు" అనింది, అంతే.
గోడ మింద గీతలు నిలిచిపోయినాయి,
నేను నిలవలేకపోతి.

రోజూ తెల్లారుజామున బక్కెట పెట్టి
ఊపిరి బిగబట్టి పక్కన నిలబడతా.
మూతి వంచుతుంది. వాసన చూస్తుంది.
తాగుతుందా...
గుటక్.
గుటక్.
అప్పుడు మింగుతాను నేను, నా ఉమ్మి.

కొళాయి ఈ పొద్దు గూడా రాలేదు.
ఒక బిందె మిగిలింది.
ముందు బక్కెట నింపినాను.