నాలుగో ముడి

ముప్ఫై ఒక్క ఏళ్ళు కందుకూరులో పొగాకు గోడౌనుకి
బీగాలేసినవాణ్ణి.
అందుకే బయల్దేరిన పొద్దునే పదిహేడు మందీ
నా ముందు కుప్పపోశారు:
టోకెన్లకి ఆధార్ కార్డులు, దారి ఖర్చుల డబ్బు,
రవణమ్మ షుగరు మాత్రలు,
తిరుపాలు రాత్రిళ్ళు తీసిపెట్టే పళ్ళ సెట్టు,
ఎవరిదో తెలీని వెండి కాలిపట్టా ఒకటి.
"నీ కాడుంటే బ్యాంకులో ఉన్నట్టే, మాల్యాద్రీ."
ఆ మాట తేలిక.
సంచి కాదు.

సత్రాల్లో సామాన్లు ఎట్టా పోతాయో నాకు తెలుసు.
తలకింద పెట్టుకుంటే, తల పక్కకి ఒరిగినప్పుడు.
ఒక్క స్విచ్చిబోర్డుకి ఇరవై ఫోన్లు వేలాడి
ఒకే కాన్పు పిల్లల్లా కనపడినప్పుడు.
నీళ్ళ తొట్టి కాడ "కాస్త చూస్తా ఉండమ్మా" అన్నప్పుడు.
ఆ అమ్మ చూస్తానే ఉంటుంది,
ఇంకెవరి సంచినో.
చెప్పులైతే పోవు, మారతాయి:
కావలి దాటేసరికి ఎడమకాలిది నాది,
కుడికాలిది ఆ పరమాత్ముడిది.

కాబట్టి సైకిలు గొలుసు తెచ్చాను.
గుడ్లూరులో బడి బెంచీకి, కావలిలో స్తంభానికి,
దగదర్తిలో చేతిపంపుకి.
మెడలో పసుపు గుడ్డ.
రోజుకో రూపాయి బిళ్ళ, రోజుకో ముడి.
వేసిన ముడి కొండమీద హుండీ దాకా విప్పకూడదు.

నాలుగో రాత్రి కోవూరు.
చెంగమ్మ చాపలు పరుస్తా నా గొలుసుని చూసి
"ఈడ దొంగలు లేరబ్బయ్యా, చీమలుండాయి.
బెల్లముంటే పైన తగిలించుకోండి" అంది.
కిటికీ ఊచకి చుట్టి, రెండుసార్లు లాగి చూశాను.
గోడౌను అలవాటు.
ఇంతలో కరెంటు పోయింది.
చీకట్లోనే ముడేసుకుని పడుకున్నా.

మూడింటికి లేస్తే బీగంచెవి లేదు.
మొలతాడుకి లేదు. చాపకింద లేదు.
పదిహేడు ఫోన్ల లైట్లూ నా మొహం మీదే.
రవణమ్మ చేతులు వణుకుతున్నాయి.
తిరుపాలు పళ్ళు లేని నోటితో తిట్టాడు,
ఒక్క ముక్కా తెలీలేదు, అంతా అర్థమైంది.
దొంగ రాకూడదని కట్టిన ఊచ చుట్టూ
మేమే దొంగల్లా నిలబడ్డాం.

అప్పుడు చొక్కా జేబులో తగిలింది,
రాత్రి కట్టాల్సిన రూపాయి బిళ్ళ.

చెయ్యి దానంతటదే మెడమీదికి పోయింది.
ఒకటి, రెండు, మూడు, గుండ్రం.
నాలుగోదానికి పళ్ళున్నాయి.

ఎవరికీ చెప్పలా.
చెబితే విప్పమంటారు.
డాక్టరు చేతులెత్తేసిన వారానికి
లేచి కూర్చుని రెండిడ్లీలు తిన్న మనిషి
తన చేత్తో నా మెడలో వేసిన గుడ్డ ఇది.
విప్పి, ఆమెకి ఏమని చెప్పను?

చెంగమ్మే పోయి పంక్చరు షాపు జిలానీని లేపుకొచ్చింది.
లుంగీ ఎగ్గట్టి, ఆవలిస్తా,
హాక్సా బ్లేడుతో పది నిమిషాలు కోశాడు.
"మంచి గొలుసు పెద్దాయనా" అన్నాడు, బాధగా.
డబ్బులిస్తే తీసుకోలా.
తెగిన గొలుసు అడిగి పట్టకపోయాడు.

ఎవరివి వాళ్ళు తీసుకున్నారు.
ఎవరూ మళ్ళీ నా చేతికివ్వలేదు.
వెండి పట్టా ఒక్కటీ చాపమీద మిగిలింది.
నాదన్నవాళ్ళు లేరు.
చెంగమ్మ దాన్ని వాకిట్లో మేకుకి తగిలించి
"అడిగినోళ్ళొస్తే ఇస్తాలే" అని ఊడవబోయింది.

పెన్నా బ్రిడ్జి మీద తెల్లారింది.
కింద ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ.
భుజం తేలిగ్గా ఉంది. అది నాకు నచ్చలేదు.
మెడలో మూడు బిళ్ళలు, ఒక ఇనప ముక్క.
ఎప్పుడో హుండీ చిల్లర ఏరుతా ఎవరో
దాన్ని వేళ్ళమధ్య తిప్పి చూసి, పక్కన పెడతాడు,
ఏ తలుపుదో అనుకుంటా.
తలుపు లేదు నాయనా.

స్వామికి ఒక రూపాయి బాకీ.
ఈ సాయంత్రం ఐదో ముడిలో రెండు బిళ్ళలు కట్టాలి,
వెలుగుండగానే.