తిరుగు పైపు

పోర్ట్ అగస్టాలో జనవరి.
షెడ్డు రేకుల మీద గుడ్డు కొడితే వేగిపోతుందని
ఏటా ఎవరో ఒకరు అంటారు,
ఎవరూ కొట్టి చూడరు.

హాలొరన్ ట్రక్కు ముసలిది. మనిషీ అంతే.
"మధ్యాహ్నమైతే దీనికి ఆయాసం.
పొద్దున ఇదే కొండని మేకపిల్లలా ఎక్కుతుంది," అన్నాడు.

ట్యాంకు మీద చెయ్యి పెట్టాను.
పెట్టినంత వేగంగానే తీశాను.

ఇంజను ఒక గుక్క తాగి
మూడు గుక్కలు తిప్పి పంపేస్తుంది.
పంపినదంతా దాని ఒంటి వేడి మోసుకుని
తిరుగు పైపులోంచి మళ్ళీ ట్యాంకులోకే.
సాయంత్రానికి అడుగున మిగిలేది
పదిసార్లు వెళ్ళొచ్చిన డీజిలే.
వేడికి ఉబ్బుతుంది, పొంగే పాలలా:
గిన్నె నిండుగా కనబడుతుంది,
పాలు పెరగవు.
పాతకాలపు పంపు గుక్కలే లెక్కపెడుతుంది,
బరువు దానికి తెలీదు.

తిరుగు పైపుకి చిన్న రేడియేటర్ కట్టాను,
చెప్పుల పెట్టె మూతంత, వెనక ఒక ఫ్యాను.
అదే ఇరవై టన్నుల ఎరువు.
అదే విల్మింగ్టన్ ఎత్తు, అవే మలుపులు.
పక్క సీట్లో నేను,
ఒళ్ళో థర్మామీటరు, మోకాలి మీద చిట్టా.

నిన్న ట్యాంకులో డెబ్భై ఒకటి. ఇవాళ నలభై ఎనిమిది.
నిన్న ఆఖరి మలుపులో వేగం ముప్ఫై నాలుగు.
ఇవాళ ముప్ఫై ఆరు.

"రెండు," అన్నాడు హాలొరన్.
ఒక మలుపు దాటాక,
"తొమ్మిది వందల డాలర్లకి, రెండు."

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు అంటారు మావాళ్ళు.
చెప్పబోయి, ఇంగ్లీషులో దాన్ని ఏ చివర పట్టుకోవాలో తెలీక
ఊరుకున్నాను.
నిన్న ఎదురుగాలి ఉంది. అదీ రాశాను.
సగం ట్యాంకుతో ఎండన పడకు,
నిండా పోయించుకుంటే అదే కొంత చల్లగా ఉంటుంది,
అది ఉచితం, అని కూడా చెప్పాను.
జూన్‌లో అడిగితే ఫ్యాను తీగ పీకెయ్యమంటాను.
బేరం చెడగొట్టుకునే మెకానిక్కుని నేను.

కొండ నెత్తిన పక్కకి తీసి ఆపాడు.
ఇంజను ఆపలేదు. గేరు కర్ర మీది చెయ్యీ తియ్యలేదు.

"నాలుగోది వెయ్యలేదు," అన్నాడు.
"ఏంటి?"
"ఆ మలుపులో నేను నాలుగో గేరుకి దిగలేదు. చూశావా?"

చూడలేదు. అంకెలు చూస్తున్నాను.

చిట్టాలో దానికి గడి లేదు.
అంచున రాశాను, చెమటకి సిరా కొంచెం పాకింది.