నాలుగని రాశాను

కోడూరు గుంటల మీద రాత్రి రెండు దాటింది.
మబ్బు. గాలి లేదు.
"నాలుగు చక్రాలే తిప్పు పోలయ్యా,
యూనిట్ రేటు చూశావా" అని
నెల్లూరు నించి ఫోను పెట్టేశాడు కామందు.

టార్చి వేస్తే
నీటి పైపైన మీసాలు.
రొయ్య అరవదు. దాంతో వచ్చిన కష్టమే అది.
గట్టంచున వరసగా చేరి
ఏదో అడగబోయి మర్చిపోయినట్టు
అట్టా ఉండిపోద్ది.

దక్షిణాన కృష్ణపట్నం గొట్టాల కొసన
ఎర్ర దీపాలు ఆరతా వెలగతా ఉన్నాయి.
ఓడ దిగిన బొగ్గు
అక్కడ మండి, తీగలో పడి,
ఏ ఊరికో పోతా పోతా
మా స్టార్టరు డబ్బాలో గుయ్యిమంటా ఉంది.
ఇంత దగ్గర. ఇంత లెక్క.

ఎనిమిదీ వేశాను.
నీళ్లు తెల్లగా లేచి పడ్డాయి.
పుస్తకంలో నాలుగని రాశాను.

ఇంటికాడ వెంగమ్మది ఇంకో లెక్క.
నూట పాతిక దాటితే రేటు మారుద్దని
నెలాఖరు వారం ఫ్యాను ఆపేసి
పిల్లోడికి తెల్లార్లూ అట్టముక్కతో విసిరి
"ఫ్యాను వేసుకునే పడుకున్నాంలే" అంటది.
మణికట్టు పట్టుకుంటే తెలిసిపోద్ది.
నేనేమీ అనను.
అదీ నా పుస్తకం ఊసెత్తదు.

బిల్లొచ్చింది.
నాలుగు చక్రాలకు ఇంతా అని
కామందు మీటరు మీద మండిపడ్డాడు.
కరెంటాఫీసుకు అర్జీ.
ఇద్దరు సార్లు జీపులో వచ్చారు.
మీటరు మంచిదే అన్నారు,
నా రాత ఫోటో తీసుకున్నారు,
మోటార్లు పాతబడి కరెంటు తాగుతున్నాయని తేల్చారు.
ఆ కాగితం విజయవాడ దాకా పోయిందంట.
అక్కడ ఏ గడిలోనో కూర్చుని
నా నాలుగు
జిల్లా మొత్తానికి సగటు అయ్యుంటది.

చెబుదామనే అనుకున్నా.
జీపెక్కబోతా ఒకాయన
"రొయ్య బాగా పట్టిందయ్యా, నీ చెయ్యి మంచిది" అన్నాడు.
నోరు పెగల్లేదు.

మొన్న లారీలో కొత్త మోటార్లు దిగాయి,
సబ్సిడీ చీటీలు అంటించి.
తక్కువ తాగి ఎక్కువ తిరుగుతాయంట.
ఒకదాని వీపు తట్టి కామందు నవ్వాడు:
"ఇంక మూడు చాలు పోలయ్యా."

రాత్రి మళ్లీ మబ్బేసింది.
పెన్సిలు చెక్కుకుంటా ఉన్నా.