హన్మకొండ – పరకాల, మళ్ల మొదటి డ్యూటీ

ఖాకీ అంగీకి నడిమి గుండీ పడ్తలేదు.
మీదియి పడ్డయి, కిందియి పడ్డయి,
అదొక్కటే నోరు తెరిచి చూస్తాంది.
అమ్మ పిన్నీసు వెట్టి,
"తొమ్మిది నెలలు పెరిగింది
ఆర్నెల్లల్ల మాయమైతదా బిడ్డా" అన్నది.

కాయితం మీద అది సెలవు.
మొదటి పది దినాలు మంచం దిగుడంటే
పాడువడ్డ బాయిల మెట్లు దిగుడే.
కుట్ల మీద చెయ్యివెట్టుకొని తుమ్మిన,
కుట్ల మీద చెయ్యివెట్టుకొని నవ్విన.
ఎల్లిగడ్డ కారం, వాము నీళ్లు, కాయం ముద్ద,
చెవులల్ల దూది, నెత్తికి గుడ్డ.
ఎండకాలంల గూడ నాకొక్కదానికే చలికాలం.

అద్దం ముందల నిలవడి పొట్టను ముట్టుకుంటే
ఎవరో పైలంగ దాచుమని ఇచ్చిపోయిన
ముల్లె లెక్కుండె.
ఇచ్చినోళ్లు మళ్ల అడుగలే.

కుట్టుకు పైన వేలెడంత జాగ
గిచ్చినా పలుకదు.
"వస్తది, మెల్లగ వస్తది" అన్నది డాక్టరమ్మ,
లేటయిన బండి గురించి
నేను జనానికి చెప్పినట్టే.

నాలుగో నెల, చంటిది నన్ను గుర్తువట్టి నవ్వింది.
అదే వారం దువ్వెన నిండ ఎంటికలు.
పిల్ల నవ్వితె తల్లి ఎంటికలు రాల్తయట.
అమ్మ ఆ మాట
పాల ప్యాకెట్ ధర చెప్పినట్టు చెప్పింది.
నేను నవ్వించుడు మాత్రం ఆపలే.

ఇయ్యాల పొద్దుగాల ఆరింటి బండి.
సంచి బుజానికేసుకుంటే పట్టీ ఒత్తి
ఎడమ రొమ్ముల పాలు చేపినయి.
ఇంట్ల ఎవరు ఏడుస్తాన్రో
దానికెట్ల తెలిసిందో.

ఆరెపల్లి కాడ స్పీడు బ్రేకరు.
బండి ఎగిరింది, నేనెగిరిన,
లోపల ఏదో కట్ట జారి
నాలుగు చుక్కలు.
డెబ్బై మందికి చిల్లర లెక్క తప్పనియ్యని దాన్ని,
తాగినోన్ని రెక్కవట్టి దించేదాన్ని,
నాలుగు చుక్కలు ఆపలేక
రాడ్డు పట్టుకొని నిలవడ్డ.
అద్దంల చూసిండు డ్రైవర్ సారంగపాణి.
"కండ్లు తిరుగుతున్నయా చెల్లే, నీళ్లు తాగుతవా?"
నీళ్లు తప్ప ఏదన్న ఇయ్యి అన్నా.

ఊరుగొండల మొగిలమ్మ ఎక్కింది, తోటకూర గంపతోటి.
జీరో టికెట్ కొట్టిచ్చిన.
టికెట్ చూడలే ఆమె. పిన్నీసు చూసింది,
ఖాకీ మీద నల్లగ పరుసుకుంటున్న తడి చూసింది.
"ఎన్నో నెల?"
"ఆరు నిండినయ్."
జరిగి జాగిచ్చింది. గంప ఎత్తి
నా ఒడి ముందల అడ్డం వెట్టింది.
"నలుగురిని కన్న. ఆఖరిదానికి పెండ్లయింది.
గట్టిగ దగ్గితే నాకిప్పటికీ అంతే.
ఎవ్వలు చెప్పరు. నాకూ చెప్పలే.
కూసో, జనం ఎటువోతరు."

కూసున్న.
గూడెప్పాడ్ కాడ ఎక్కినోళ్లు
ఒకరి చేతులకెల్లి ఒకరికి పైసలందించిన్రు,
టికెట్లు అట్లనే ఎనుకకు వోయినయి.
ఒక పోరగాడు మాత్రం అన్నడు,
"కండక్టరమ్మ కూసొనే కొడ్తాంది."
"నీ అమ్మ నిన్ను ఉరుకుకుంట కన్నదారా" అన్నది మొగిలమ్మ,
కూర కట్టలు సదురుకుంట.

పరకాల బస్టాండుల బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు.
బయట నిలవడి ఆమె తలుపు పట్టుకున్నది.
లోపల గోడకు పాలు పిండిన.
తెల్లగ జారి, మోరిల కలిసి పోయినయి.
అప్పుడు ఏడుపొచ్చింది, కొంచెం.
బయటికొచ్చెటాల్లకు ఆమె లేదు,
గంపకు బేరం తగిలినట్టుంది.

వాపసు ట్రిప్పుల, ఆరెపల్లి బ్రేకరు కాడ,
సారంగపాణి బండిని
బాలింతను మంచం దించినట్టు దించిండు.
ఏం తెలిసి చేసిండో అడుగలే.

ములుగు రోడ్డు మీదికొచ్చినంక
కుట్టుకు పైన, ఆ వేలెడంత జాగల,
దురద.
ఆర్నెల్లకు మొదటిసారి.
చేతుల మిషన్ సీటు మీద వెట్టి
ఖాకీ మీదికెల్లే గోకిన,
అందరి ముందట,
బాగసేపు.