మెట్లు ఊడ్చే వారం

ముసలిదైన ప్రోటీన్‌ని బొట్టుపెట్టి పిలుస్తారు లోపల.
రోట్లో తల దూర్చాక ఇక రోకటిపోటే.
మిగిలిన తొమ్మిది పూసల తునకని
అరచేతిలో పెట్టుకుని
కణం గడప బయటికి చాపుతుంది:
చూసుకో, ఇవాళ మా ఇంట్లో దంచింది ఇదీ అని.

కావలి కణం వస్తుంది. తడుముతుంది.
మనదే అయితే పోతుంది, పలకరించకుండానే.

ట్యూబింగెన్‌లో ఇరవై రెండేళ్ళుగా
ఇర్మెలా ఈ తునకల్ని ఆమ్లంతో కడిగి తూస్తోంది.
సాయంత్రం ఇంటికొస్తే, పై వాటాలో ఫ్రావ్ ఐజెలె
ఆమె చెత్తబుట్ట మూత ఎత్తి చూస్తూ ఉంటుంది:
పెరుగు డబ్బా కడిగిందా,
సీసా మూత వేరు చేసిందా.
ఎన్నిసార్లు తిట్టుకుందో లోలోపల.

ఈ శనివారం మెట్లు ఊడ్చే వంతు పైవాళ్ళది.
పలక తలుపుకి వేలాడుతోంది,
చీపురు చప్పుడు మాత్రం లేదు.
మొదటిసారి ఇర్మెలా వాళ్ళ బుట్ట మూత ఎత్తింది.
గుడ్డు పెంకు కూడా లేదు.

ఏ తునకా చూపని గడప వెనక
ఏదో దాక్కుందని పసిగట్టి
అడక్కుండా చంపేసే కణాలూ ఉన్నాయి.
ఇర్మెలాకి అవీ తెలుసు.

రెండేసి మెట్లు ఎక్కి తలుపు కొట్టింది.
ఎడమచేతిలో మూత
ఇంకా అలాగే ఉంది.