బానే ఉన్న చెయ్యి

ఒంగోల్లో, కర్నూలు రోడ్డు మీది స్కానింగ్ సెంటర్లో
నా మెడ ఫొటో కవర్లో పెట్టి ఇచ్చారు.
కిటికీ ఎండకు పెట్టి చూశా.
నల్లగా ఉంది. అక్కడక్కడా తెల్ల చుక్కలు.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్న రాయే.
చీమకుర్తి నల్లరాయి,
నీళ్లు కొడితే చుక్కలు లేచే రాయి.
నాలోంచి ఎప్పుడు కోసుకొచ్చారో.

"నరం బాగుంది. గుజ్జు బాగుంది.
షుగర్ కూడా లేదయ్యా నీకు"
అన్నాడు పెద్ద డాక్టరు.
బానే ఉన్న చెయ్యి
ముద్దని నోటిదాకా తెస్తుంది.
అక్కడి నుంచి పైకి రాదు.
దండెం మీద చొక్కా అందదు.
బస్సులో పైకడ్డీ పట్టుకోలేను,
బ్రేకు పడితే ఎవరి మీదో పడతా.
తల దువ్వేది నాగేంద్రమ్మే.
దువ్వుతూ ఏమీ అడగదు, అదొక మేలు.

మాలకొండకి మూడు శనివారాలు తిప్పింది.
కనిగిరి నుంచి పసరు కట్టు.
ఆస్పత్రిలో పది రోజులు కరెంటు పెట్టారు.
కరెంటు ఉన్నంతసేపు బాగుండేది,
మన ఊరి కరెంటు లాగే.

పదకొండో రోజు
గోళ్ల రంగు సగం ఊడిన చిన్న డాక్టరమ్మ
చీటీ రాస్తూ, తలెత్తకుండానే,
"ఈ చెయ్యి ఆఖరిసారి ఎప్పుడు పైకెత్తావు బాబాయ్?" అంది.

గుర్తు లేదమ్మా, అన్నా.
అంటుంటే భుజం లోపల
ఎవరో డ్రిల్లు ఆన్ చేశారు.

గుర్తు లేకేం.
పొద్దున పదకొండు.
గుంట అడుగున ఏసుపాదం, గట్టు మీద నేను.
కంప్రెసర్ హోరులో క్రేనోడికి మాటలు వినపడవు.
వాడికి నా చెయ్యే నోరు.
పిడికిలి బిగిస్తే ఆగు.
అరచెయ్యి పైకెత్తితే లేపు.

ఎత్తా.

ఆ పైన జరిగింది గొలుసుకి తెలుసు, రాయికి తెలుసు.
విచారణ కాగితంలో
ఎవరి తప్పూ లేదని రాశారు.
స్కాను కాగితంలోనూ అంతే.
రెండూ ఒకే ట్రంకుపెట్టెలో పెట్టుకున్నా.

ఎనిమిది నెలలకి సంతనూతలపాడు పోయా.
మరియరత్నం వాకిట్లో దోసెలు పోసి అమ్ముతోంది.
నలుగురు పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.
వాళ్లు పోయేదాకా ఆగి,
పెనం వంక చూస్తా చెప్పా:
"సైగ చేసింది నేనే అమ్మాయ్."

అట్లకాడ ఆగలా.
"తెలుసు.
నువ్వెప్పుడొచ్చి చెప్తావా అని చూస్తన్నా."
దోసె తిరగేసింది.
"గొలుసు అరిగిందని ఆయన రెండు నెలలు మొత్తుకున్నాడు.
పక్కనే ఉన్నావుగా, ఒక్కసారన్నా నువ్వూ అన్నావా?"

సైగ సంగతే మోసుకుంటూ వచ్చా.
ఆ రెండు నెలల సంగతి
ఏ డాక్టరూ అడగలా, నేనూ అడుక్కోలా.

కాళ్లు వణికాయి, తర్వాత వీపు,
తర్వాత కుడి భుజం.
ఎనిమిది నెలలుగా పక్కకి అతుక్కుపోయిన చంకలో
చెమట పట్టింది, గాలి తగిలింది.
నొప్పి వచ్చింది. నొప్పేనని పోల్చుకోడానికి కాసేపు పట్టింది.
అన్నాళ్లూ ఉన్నది బరువు.

"కూర్చో" అనలా ఆమె.
ఆకులో రెండు దోసెలేసి చేతికిచ్చింది.
డబ్బులివ్వబోతే తీసుకుంది. లెక్క చూసి చిల్లర ఇచ్చింది.
నిలబడే తిన్నా.
కారం ఎక్కువైందో ఏమో, ముక్కు కారింది.

ఇప్పుడు అడ్డరోడ్డు మీద ఉన్నా.
చిటికెన వేలు ఇంకా మొద్దుగానే ఉంది.
చీమకుర్తి వైపు రాళ్ల లారీలు పోతున్నాయి,
ఒక్కో లారీకి ఒక్కో రాయి.
వాటి దుమ్ములోంచి ఎర్రబస్సు వస్తోంది.
ఇది స్టాపు కాదు. చెయ్యెత్తితే తప్ప ఆగదు.

ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నా.