తప్పిన పోగు

మా వైపు పెన్నేరులు రెండు.
ఒకటి నీళ్లు లేని ఏరు.
ఇంకోటి దాని ఇసకొడ్డున పెరిగే గడ్డ,
అంగట్లో డబ్బా మీద అశ్వగంధ అని రాసుంటుంది.
రెండూ తవ్వుకుంటేనే దొరుకుతాయి.

పామిడి దాటినాక మద్దిలేటి చేను.
మూడెకరాలు, మోకాలెత్తు,
ప్రార్థనకు నిలబెట్టిన బడిపిల్లల్లా
ఒకే ఎత్తు, ఒకే పచ్చ, ఒకే వారం ఎర్రబడిన కాయలు.
కంపెనీ విత్తనం, కంపెనీ కొలత:
వేరు చిటికెన వేలంత ఉండాల,
విరిస్తే లోపల తెల్లగా పిండి రాలాల.
"తేడాగా మొలిచిందాన్ని పీకేస్తా మేడమ్.
తేడా ఉంటే రేటు కోస్తారు" అన్నాడు,
నేనేం అడక్కముందే.

ముప్పై మొక్కలకి ముప్పై లేతాకులు గిల్లి
నంబర్లు వేసుకున్నా.

అడివి మొక్క కోసం నాలుగు రోజులు తిరిగినా.
గుత్తి కోట కింద లేదు.
రైలుకట్ట పొడుగునా గడ్డిమందు కొట్టినారు.
చివరికి మేకల మాబున్ని చూపించింది,
బొందలగడ్డ గోడ పక్కన, కంపచెట్ల నడుమ.
"మేకలు మూతి పెట్టవు, అందుకే బతికుండాది.
మా జేజి ఈ ఆకు ఎచ్చజేసి సెగ్గడ్డల మీద కట్టేది.
నువ్వేందిమ్మా, గిల్లి గిల్లి సంచిలో దాస్తాండావు,
నీకు యాడ నొప్పి?"

పదకొండు పొదలు. ఏ రెండూ ఒక తల్లి బిడ్డల్లా లేవు.
ఒకటి నా భుజం దాకా,
ఒకటి నేలను కరుచుకుని,
ఒకదాని ఆకు నిండా బూడిద నూగు,
ఒకదాని కాయ పండినా పసుపు దగ్గరే ఆగిపోయింది.
వేర్లు మెలికలు, నార, గుర్రపుసాల కంపు.
కిలోకి ఎంతొస్తుందని మద్దిలేటినడిగితే నవ్వినాడు.

ల్యాబులో రెండుసార్లు కరెంటు పోయి వచ్చిన రాత్రి
జెల్ మీద గీతలు తేలినాయి.
ఫొటో తీసుకుని ధర్మవరం పోయినా.
నాయన మగ్గం గుంట నుంచి లేవకుండానే
అద్దాలు సర్దుకుని, అచ్చులో పోగులెంచినట్టు ఎంచినాడు.
"ఈ ముప్పై వరసలూ ఒకే అట్టల దండ మీద నేసినవి.
షావుకారు మెచ్చే పని."
ఆ పక్కకు జరిగి నొసలు చిట్లించినాడు.
"ఇదెవురు నేసింది? వరసకీ వరసకీ పొత్తు లేదు."
ముప్పై ఏడో నంబరు మీద వేలు ఆగింది.
"ఈడ సూడు, పోగు తప్పింది."

ఆ పోగు కోసమే నాయనా, నాలుగు రోజులు తిరిగింది.

కార్తీకంలో పడిన వాన సంగతి చెప్పినా.
చేనికి వేరుకుళ్లు వచ్చింది,
ఒక్క తాళంచెవికి మూడెకరాల తలుపులూ తెరుచుకున్నాయి.
బొందలగడ్డలో రెండు పొదలే వాడినాయి.
పసుపుకాయది చుక్క ఆకు రాల్చలేదు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు.
"అట్టలు రాకముందు మా నాయన ఒక అంచు నేసేవాడు.
లెక్క ఎవురూ రాసుకోల్యా" అని,
నాడె అందుకున్నాడు.

మాఘంలో విత్తనానికి పోయినా.
బొందలగడ్డకు కొత్త ప్రహరీ కడుతున్నారు.
జేసీబీ పళ్ల గుర్తులు,
ఇటుకల మధ్య నలిగి మూడు పొదలు.
ముప్పై ఏడు లేదు.

"కాయలేమైనాయి మాబున్నీ?"
"కాకులు తిన్యాయి.
కాకి యాడ రెట్టేసిందో, యాడ మొలుస్తాదో,
నన్నడిగితే?"

ఫొటోలో గీత ఉంది.
గీత గల మొక్క లేదు.
మద్దిలేటి మళ్లీ కంపెనీ సంచి విప్పినాడంట.

ఇప్పుడు పామిడి బస్సెక్కితే
ఎప్పుడూ కిటికీ పక్క సీటే.
కాకులు వాలిన తావులన్నీ
నంబర్లేసి రాసుకుంటాండా.